మధురవాడ కెసో దూరో: గట్టి రకం కొనండి, మెత్త రకం వదిలేయండి

చదివే ఓపిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తున్నా. మధురవాడ వైపు ఇంటి దగ్గరే చీజ్ చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటున్న ఒక చిన్న డెయిరీ వాళ్లు మధ్య అమెరికా దేశాలైన ఎల్ సాల్వడార్, హోండురస్ పద్ధతిలో పొడిపొడిగా రాలే చీజ్ అమ్ముతున్నారు. అందులో గట్టి రకం, అంటే కెసో దూరో, నిజంగా బాగుంది, డబ్బులు పెట్టొచ్చు. మెత్త రకం మాత్రం దండగ. పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, ఇద్దరే మనుషులు నడుపుకుంటున్న వ్యాపారం, నా ఒక్కడి మాటతో వాళ్ల పొట్ట కొట్టడం ఇష్టం లేదు. మన వైజాగ్ ఫుడ్ గ్రూపుల్లో తిరిగేవాళ్లకి ఎవరో ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది.

ఇంకో మాట కూడా ముందే. ఇది పనీర్ కాదు, పిజ్జా చీజూ కాదు. గ్రేవీలో వేస్తే మీ కూర పాడవుతుంది, దోసె మీద వేసి సాగుతుందేమో అని చూస్తూ కూర్చుంటే దోసె మాడుతుంది గానీ ఇది సాగదు. దీన్ని ఉప్పు లెక్కలో వాడుకోవాలి. వంట అంతా అయిపోయి, పొయ్యి కట్టేసి, కంచంలో పెట్టుకున్నాక పైన చిదిమి చల్లుకోవాలి. దీనితో వంట అంటే దాదాపు అంతే, మిగతాదంతా దేని మీద చల్లాలి అన్నదే.

మధ్య అమెరికాలో పాల చీజ్‌లు చాలా ఉన్నాయి కానీ మన రెస్టారెంట్లలో ఆ పక్కవాళ్లయిన మెక్సికో వంటలే కనిపిస్తాయి, వీళ్లని ఎవరూ పట్టించుకోరు. ఆవు పాలని గోరువెచ్చగా ఉండగానే రెన్నెట్ (పాలని గడ్డకట్టించే ఎంజైమ్) వేసి పేరబెడతారు, ఆ గడ్డని చిదిపి, తేట వార్చి, ఉప్పు కలుపుతారు. అక్కడితో ఆపి తాజాగా తింటే కుఅహాదా, నికరాగువా, హోండురస్ ఇళ్లలో పొద్దున్నే ఉండేది అదే. ఇంకా ఉప్పు దట్టించి, అచ్చుల్లో బరువు పెట్టి నొక్కి, గాలికి ఆరబెడితే కెసో సెకో, కెసో దూరో అనే గట్టి రకాలు వస్తాయి. గ్వాటెమాలాలో సకాపా వైపు చేసే పొడి చీజ్‌కి మంచి పేరుంది, నికరాగువాలో చోంతాలెస్ పశువుల ప్రాంతం, అక్కడి చీజ్ దేశమంతా వెళుతుంది. వేడి దేశాలు, పల్లెల్లో ఫ్రిజ్ లేని రోజులు, పాలు మిగిలితే దాచుకోడానికి ఉప్పు, గాలి తప్ప వేరే దారి లేదు.

మా అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని "ఏటిరా ఇది, ఎండుచేపలా ఉంది ఉప్పు" అంది. ఎగతాళికే అంది గానీ అంతకంటే బాగా నేను చెప్పలేను. ఎండుచేపని ఎవరూ కంచం నిండా పెట్టుకుని తినరు కదా, రెండు ముక్కలు ఉంటే కుండెడు చద్దన్నం దిగిపోతుంది. ఇదీ అంతే.

ఇక ప్యాకెట్. పావు కిలో దిమ్మ, 420 రూపాయలు, డెలివరీ వేరే. వాక్యూమ్ ప్యాక్‌లో వస్తుంది, పచ్చ చుక్క ఉంటుంది, అంటే రెన్నెట్ దూడ కడుపులోంచి తీసింది కాదు, సూక్ష్మజీవులతో చేసింది. అక్కడి పాత పద్ధతిలో దూడ కడుపు రెన్నెట్టే వాడేవారు, శాకాహారులు విదేశం నుంచి వచ్చిన ప్యాకెట్ అయితే అడిగి తీసుకోవాలి, ఇక్కడ ఆ టెన్షన్ లేదు. కవర్ కోయగానే ఘాటు కొంచెం వస్తుంది, పుల్లటి మీగడ వాసన, రెండు నిమిషాలు గాలి తగిలితే తగ్గుతుంది. రంగు లేత దంతం రంగు. పైన గుడ్డ నేత అచ్చు గళ్లు గళ్లుగా పడి ఉంటుంది, ఆ గళ్ల మధ్యలో సన్నటి ఉప్పు మెరుస్తూ కనిపిస్తుంది. చాకుతో కోస్తే శుభ్రంగా తెగదు, అంచు దగ్గర విరుగుతుంది. బొటనవేలితో నొక్కితే ముందు గట్టిగా ఉంటుంది, కాస్త బలం పెడితే ఒక్కసారిగా రాలి చేతిలో తడి రవ్వలా పడుతుంది. వేళ్లకి జిడ్డు అంటదు. నాకు నచ్చింది ఆ రాలడమే. మెత్త రకం అలా రాలదు, ముద్దవుతుంది.

నాలుక పరీక్షకి మా బావని పిలిచాను. మర్చంట్ నేవీలో ఇంజనీరు, సరుకు ఓడల మీద తిరుగుతాడు, ఎల్ సాల్వడార్‌లో అకహూత్లా రేవు, హోండురస్‌లో ప్వెర్తో కోర్తేస్ చూసినవాడు. ఓడ ఏ రేవులో ఆగినా ముందు అక్కడ ఏం తిన్నాడో ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పడుతుంది, మా అక్కకి ఫోన్ తర్వాత. గట్టి రకం నోట్లో వేసుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. "ఉప్పు సరిపోయింది, ఘాటు ఇంకొంచెం ఉండాలి. వాళ్లది ఇంకా కంపు కొడుతుంది బావా, కానీ ఇది అదే జాతి" అన్నాడు. మెత్త రకం తిని "ఇది ఉప్పు వేసిన పనీర్, దీనికి 300 ఎందుకు" అని పక్కన పెట్టేశాడు. నా అభిప్రాయం కూడా అదే. ఆ ధరకి మెత్త రకం కొనే బదులు మంచి పాలు తెచ్చుకుని ఇంట్లో పనీర్ విరిచి ఉప్పు కలుపుకోండి, పోయేదేమీ లేదు.

కరగకపోవడం గురించి ఒక్క మాట, ఎందుకంటే వాళ్ల పేజీలో కామెంట్లలో సగం దీని మీదే. మోజారెల్లాకి గడ్డని బాగా పులవనిస్తారు, ఆ పులుపుకి గడ్డలోని కాల్షియం కొంత బయటికి పోతుంది, అందుకే వేడి తగిలితే సాగుతుంది. ఇక్కడ పాలు పెద్దగా పులవకముందే రెన్నెట్‌తో పేరబెట్టేస్తారు, కాల్షియం లోపలే ఉండిపోయి గడ్డని గట్టిగా పట్టుకుంటుంది. పెనం మీద వేస్తే అంచులు ఎర్రగా కాలతాయి, మధ్యలో మెత్తబడుతుంది, అంతే. అది లోపం కాదు, ఆ జాతి గుణమే అది. "చీజ్ కరగలేదు, మోసం" అని రివ్యూ పెట్టినవాళ్లకి దండం.

అయితే ఈ గొడవలో తప్పు కొంత అమ్మేవాళ్లదే. ప్యాకెట్‌తో పాటు ఒక రంగుల కాగితం ఇస్తారు, దాని మీద మొదటి వంటే పుపూసా. పుపూసా అంటే ఎల్ సాల్వడార్ వాళ్ల జాతీయ వంట, 2005లో వాళ్ల అసెంబ్లీ చట్టం చేసి మరీ ప్రకటించింది, ప్రతి ఏడాది నవంబరు రెండో ఆదివారం దాని పండగ. మొక్కజొన్న ముద్ద మధ్యలో కూరి, మూసి, అరచేతుల్లో తట్టి పెనం మీద కాలుస్తారు. కానీ లోపల కూరేది మామూలుగా కెసీయో అనే సాగే చీజ్, ఈ గట్టి రకం కాదు! ఒట్టి గట్టి రకం కూరితే కొరికిన చోటల్లా పొడి రాలుతుంది, తినేవాడి ఒళ్లో పడుతుంది. సగం మోజారెల్లా తురుము, సగం ఇది కలిపితే చక్కగా కుదురుతుంది, సాగేది అది చూసుకుంటుంది, రుచి ఇది చూసుకుంటుంది. ఈ ముక్క ఆ కాగితం మీద రాస్తే సగం ఫిర్యాదులు పోతాయి.

పుపూసాకి ఇంకో చిక్కు పిండి. మన పిండి మరలో పట్టించిన మొక్కజొన్న పిండి ఎంత పిసికినా అతుక్కోదు, కూరి మూస్తుంటే పగిలిపోతుంది. వాళ్లు ఎండు మొక్కజొన్నల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగేసి అప్పుడు రుబ్బుతారు, ఆ సున్నం వల్లే ముద్దకి జిగురు వస్తుంది. ఇంట్లో చెయ్యొచ్చు. కిలో ఎండు గింజలకి దాదాపు 10 గ్రాముల సున్నం, కిళ్లీ కొట్లో దొరికే తినే సున్నం, గోడలకి కొట్టేది కాదు. పొద్దున్న పొట్టు పోయేదాకా మూడు నాలుగు నీళ్లు కడిగి, గ్రైండర్‌లో నీళ్లు తక్కువ పోసి రుబ్బాలి. గ్రైండర్ మూలుగుతుంది, మిక్సీలో అయితే అసలు వద్దు. ఇంత బాధ ఎందుకు అనుకునేవాళ్లకి ఆ దేశంలోనే సులువు ఉంది. రాజధాని శాన్ సాల్వడార్‌కి దగ్గర్లో ఓలోకుయిల్తా అనే ఊరు ఉంది, ఆ ఊరి పుపూసాలు బియ్యప్పిండితో చేస్తారు, దానికే ప్రసిద్ధి. బియ్యప్పిండి మనకి కొత్తా? వేడి నీళ్లు పోసి, మూతపెట్టి, చెయ్యి పెట్టగలిగినంత వేడి ఉండగా పిసికితే అరిటాకు మీద తట్టినా నిలబడుతుంది. మా అమ్మ బియ్యపు రొట్టె చేసే చేత్తోనే ఇదీ లాగించేసింది, నాకంటే గుండ్రంగా వచ్చాయి. పక్కన కూర్తీదో ఉండాలి, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయ, ఒరెగానో, వెనిగర్‌లో ఊరబెట్టింది. ఆవకాయ పెట్టుకుంటానంటే మీ ఇష్టం, కానీ ఉప్పు మీద ఉప్పు అయిపోతుంది.

నా లెక్కలో ఈ చీజ్‌కి న్యాయం జరిగేది బలియాదాలో. హోండురస్ వంట. కాస్త మందంగా ఉండే మైదా రొట్టె, మధ్యలో వేయించి మెదిపిన ఎర్ర గింజలు, పైన మీగడ, ఆ పైన ఈ చీజ్ చిదిమి, సగానికి మడత. అంతే, మా బావ రేవు గేటు బయట బండి మీద తిన్నది ఇదే. ఎర్ర గింజలకి మనం ఎక్కడికో పోనక్కర్లేదు, చింతపల్లి, పాడేరు వైపు ఏజెన్సీలో పండే రాజ్మా ఉంది కదా, రైతు బజారులో దొరికినప్పుడు తెచ్చి పెట్టుకోండి. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వెల్లుల్లి రెబ్బలు వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించాలి, ఉప్పు వేయకుండా. తర్వాత నూనెలో ఉల్లిపాయ ఎర్రగా వేయించి, గింజలు వేసి, గరిటె వెనక వైపుతో నలుపుతూ, ఉడికించిన నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ గిన్నె అడుగు కనిపించేదాకా దగ్గర పడనివ్వాలి. జీలకర్ర చిటికెడు వేస్తే తప్పు లేదు. గరం మసాలా వేస్తే మాత్రం అది వేరే వంట అయిపోతుంది. మీగడ స్థానంలో గట్టి పెరుగు గుడ్డలో వడకట్టి, ఇంట్లో తీసిన మీగడ కలిపి చిలికితే సరిపోతుంది. రొట్టె మైదా చపాతీయే, నూనె కాస్త ఎక్కువ వేసి పిసికి, అరగంట నాననిచ్చి, మామూలు చపాతీ కంటే మందంగా చేసుకోవాలి.

ఇక్కడ ఉప్పు లెక్క చాలా ముఖ్యం. గింజల్లో లేదు, మీగడలో లేదు, రొట్టెలో చిటికెడు. చీజ్ పడేదాకా అంతా చప్పగా ఉంటుంది, పడగానే మొత్తం లేస్తుంది. ఒక్కో రొట్టెకి ఒక పెద్ద చెంచా చాలు, అంటే పావు కిలో దిమ్మ నలుగురున్న ఇంట్లో చాలా పూటలు వస్తుంది. ధర చూసి గుండె పట్టుకునేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

అరటి కూడా. ముగ్గిన కూర అరటిపండు, తొక్క మీద నల్లమచ్చలు వచ్చాక, పొడుగ్గా కోసి నూనెలో ఎర్రగా వేయించి పైన ఇది చల్లితే తీపి, ఉప్పు కలిసి ఏదో అవుతుంది, మా అక్క కూతురు ప్లేటు వదల్లేదు. ఆ దేశాలన్నిటిలో ముగ్గిన అరటి వేపుడు, పక్కన చీజో మీగడో మామూలే. చక్కెరకేళి వద్దు, నూనెలో విడిపోతుంది. పచ్చి అరటికాయ వేపుడు మీద కూడా వేశాం, కారం తగ్గించి, ఉప్పు మానేసి. బాగుంది, కానీ దాని కోసమే కొనేంత కాదు.

నికరాగువాలో, కోస్టారికాలో పొద్దున్నే గాయో పింటో తింటారు, రాత్రి మిగిలిన అన్నం, ఉడికిన గింజలు కలిపి ఉల్లిపాయతో వేయించింది. నికరాగువాలో ఎర్ర గింజలు, కోస్టారికాలో ఎక్కువగా నల్లవి. చద్దన్నం వాడకం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం అయితే మెతుకు విడిగా ఉంటుంది, గింజల నీళ్లు ఒక గరిటెడు పోస్తే అన్నానికి రంగు పడుతుంది. పక్కన గుడ్డు, ఈ చీజ్ ఒక ముక్క. చిత్రాన్నం, పులిహోర విసుగెత్తిన పొద్దుటికి పర్వాలేదు.

బీచ్ రోడ్డు మొక్కజొన్న పొత్తు గురించి రాయకపోతే వైజాగ్ వాడిని కాను. ఎల్ సాల్వడార్ తిరనాళ్లలో పొత్తుకి మయొనేజ్, కెచప్, ఆవాల సాస్, నల్లటి సాస్ పూసి, పైన గట్టి చీజ్ తురుము దొర్లించి అమ్ముతారు, దాన్ని పిచ్చి పొత్తు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అంత పిచ్చి మనకి అక్కర్లేదు. తురుము చిన్న డబ్బాలో వేసుకుని ఆర్‌కే బీచ్‌కి వెళ్లాం, బొగ్గుల మీద విసనకర్రతో విసురుతూ పొత్తులు కాల్చే ఆవిడతో ఉప్పుకారం వద్దు, ఒట్టి నిమ్మచెక్క రుద్ది ఇవ్వమని చెప్పాం. ఆవిడ మా డబ్బా వైపు అనుమానంగా చూసి "కొబ్బరా బాబూ?" అంది. ఒక గింజ వరస మీద చల్లి ఇస్తే తిని, తల ఊపి, "కారం పడాలి" అని తన ఉప్పుకారంలోంచి ఉప్పు తక్కువున్న వైపు చూసి కాస్త అద్దింది. ఆవిడ చెప్పిందే నిజం. నిమ్మ, కారం, ఈ చీజ్ మూడూ ఉంటేనే పొత్తు మీద బాగుంది. చీజ్ పొత్తు వేడిగా ఉండగానే చల్లాలి, లేకపోతే సముద్రం గాలికి సగం ఇసకలోకి పోతుంది.

నిమ్మకాయ, కారం అన్నాను కదా అని మురీ మిక్చర్‌లో కూడా వేస్తామేమో అనుకోకండి. వేశారు మా వాళ్లు. మరమరాలు మెత్తబడ్డాయి, ఎవరూ తినలేదు.

మా ఇంట్లో అందరూ మళ్లీ అడిగింది మాత్రం తీపి వంట. సాల్వడార్ కెసాదియా. మెక్సికో వాళ్ల మడత రొట్టెకీ దీనికీ సంబంధం లేదు, ఇది కేకు. గట్టి చీజ్ సన్నగా తురిమి, బియ్యప్పిండి, పంచదార, వెన్న, గుడ్లు, పుల్లటి మీగడ కలిపి పైన నువ్వులు చల్లి కాలుస్తారు, అక్కడ కాఫీతో తింటారు. మేం వేసిన కొలత ఇది: కప్పు బియ్యప్పిండి, కప్పుకి కాస్త తక్కువ పంచదార, ముప్పావు కప్పు చీజ్ తురుము, మూడు గుడ్లు, 100 గ్రాముల కరిగిన వెన్న, అరకప్పు పులిసిన మీగడ, చెంచా బేకింగ్ పౌడర్. 180 డిగ్రీల దగ్గర పైన ఎర్రబడి పుల్ల గుచ్చితే అంటకుండా వచ్చేదాకా. ఉప్పు వేయకండి, వెన్న కూడా ఉప్పు లేనిదే. తెల్ల నువ్వులు ఒత్తుగా చల్లండి, ఆ వాసనకే సగం పని అవుతుంది. లోపల కాస్త గరుకుగా, తీపి నాలుక మీద ఉండగానే వెనక నుంచి ఉప్పు వస్తుంది. అరకు కాఫీ పాలు తక్కువ వేసి పెట్టుకుని తింటే ఇంకేమీ అడగక్కర్లేదు. మొదట ఎండుచేప అన్న మా అమ్మే మర్నాడు పొద్దున్న మిగిలిన ముక్క వెతుక్కుంది.

ఇప్పుడు తిట్లు. డెలివరీ దారుణం. గురువారం సాయంత్రం అన్నది శనివారం మధ్యాహ్నం వచ్చింది, ఎండలో బైక్ డబ్బాలో తిరిగి తిరిగి. గట్టి రకం తట్టుకుంది, దాని పుట్టుకే అలాంటి వాతావరణానికి. మెత్త రకం ప్యాకెట్ లోపల నీళ్లు కారి ఉబ్బింది. ఫోన్ చేస్తే "ఫ్రిజ్‌లో పెట్టండి సార్, సర్దుకుంటుంది" అన్నారు. ఉబ్బిన పాల పదార్థం ఫ్రిజ్‌లో సర్దుకోదు, బయట పారేశాం. డబ్బులు వెనక్కి ఇచ్చారు, అది ఒప్పుకోవాలి, కానీ నాలుగు మెసేజ్‌ల తర్వాత.

ప్యాకెట్ మీద పాలు వేడి చేశారో లేదో రాసి లేదు. ఇది చిన్న విషయం కాదు. పచ్చి పాలతో చేసిన మెత్త చీజ్‌లలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది, గర్భిణులకి అది చాలా చేటు, బ్రుసెల్లా కూడా పచ్చి పాల నుంచే వస్తుంది. అడిగితే 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతామని చెప్పారు, అది సరైన పద్ధతే. మరి ఆ ముక్క ప్యాకెట్ మీద వేయడానికేం? ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం అడక్కుండా కొనకండి, వీళ్ల దగ్గరైనా ఇంకెవరి దగ్గరైనా. బీపీ ఉన్నవాళ్లకి వేరే చెప్పాలా, మా నాన్నకి మేం పెట్టలేదు, ఆయన దొంగతనంగా తిన్నది లెక్కలోకి రాదు.

ధర మీద చాలామంది గొడవ పెడుతున్నారు, కిలో 1,680 పడుతుందని. నేను ఇక్కడ వాళ్ల పక్షం. కిలో తాజా చీజ్‌కి దాదాపు 10 లీటర్ల ఆవు పాలు పడతాయి, దాన్ని ఆరబెడితే బరువు ఇంకా తగ్గుతుంది. పాల ఖర్చు, ఉప్పు, రెన్నెట్, వారాల తరబడి ఏసీ గదిలో ఆరబెట్టడం, పైగా మన సముద్రం తేమలో బూజు పట్టకుండా రోజూ తిప్పి తుడవడం. లెక్క వేస్తే పెద్ద లాభమేం కాదు. సూపర్ మార్కెట్‌లో దిగుమతి ఫెటా, పార్మెజాన్ చీజ్‌ల ధరలు చూసి వచ్చి మాట్లాడండి. ఆర్డర్ దొరకనప్పుడు ఆ రెండే దిక్కు. ఫెటా నీళ్లు పిండి, టిష్యూ మీద ఆరబెట్టి, కాస్త పార్మెజాన్ తురుము కలిపితే దగ్గరగా వస్తుంది, బలియాదా మీద తేడా కొంచెమే తెలుస్తుంది, కెసాదియాలో అసలు తెలియదు. ఒట్టి పనీర్ ఎండబెడితే మాత్రం రాదు, పనీర్‌లో ఉప్పు లేదు, ఆ ఘాటూ లేదు, రబ్బరై కూర్చుంటుంది.

దాచుకోవడం సంగతి. కవర్ కోశాక మళ్లీ అదే ప్లాస్టిక్‌లో చుట్టొద్దు, చెమట పట్టి జిగురొస్తుంది, వానాకాలంలో మరీను. బటర్ పేపర్‌లో చుట్టి గాలి ఆడే డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. రెండు వారాలు మాకు బాగానే ఉంది, తర్వాత ఇంకా గట్టిపడింది, చిదమడం మానేసి తురుముకున్నాం, రుచి పెరిగిందే గానీ తగ్గలేదు. పైన తెల్లగా ఉప్పు పొర తేలితే కంగారు పడకండి, రంగు బూజు కనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా పారేయండి. తురిమి ఫ్రీజర్‌లో పెట్టినా పనికొస్తుంది, చల్లుకోడానికే కాబట్టి.

ఆర్డర్ పెట్టేవాళ్లు గట్టి రకం అని స్పష్టంగా రాయండి, లేకపోతే సగం సగం కలిపి పంపిస్తారు, అదొక అలవాటు వాళ్లకి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు వాళ్లు డెలివరీ నమ్ముకోకుండా ఎవరైనా మధురవాడ వెళ్తుంటే తెప్పించుకోండి. ఆదివారం ఇవ్వరు. కాగితం మీద పుపూసా సంగతి మార్చమని నేనైతే మెసేజ్ పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.